ఉట్టీ, స్వర్గమూ, ఉత్తర ధ్రువమూ

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందిట!"

ఈ సామెతని ఈ మధ్య నేను విన్నన్నిసార్లు మా అమ్మమ్మ కూడా విని ఉండదు. ఇండియా ఉత్తర ధ్రువం దగ్గర ఒక పరిశోధనా కేంద్రం నడుపుతోందనీ, దానికి ఇంకా ఎక్కువ డబ్బు ఇవ్వాలనీ నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు దీన్ని నా మొహాన కొడతారు. హైదరాబాదులో ఉన్న స్నేహితులు కొడతారు. న్యూజెర్సీలో ఉన్న బంధువులు ఫోనులో కొడతారు. నేనుంటున్న ఇన్సేన్‌లో ఆదివారం పూట కలిసే నలుగురు తెలుగువాళ్ళూ టీ తాగుతూ తీరిగ్గా కొడతారు. ఇన్సేన్ అంటే రంగూన్ నగరానికి ఉత్తరాన, జైలుకీ రైల్వే వర్క్‌షాపుకీ పేరుపడ్డ ఊరు. ఇక్కడ రోజూ కరెంటు పోతుంది. కరెంటు లేని ఊళ్ళో కూర్చుని మంచుఖండం గురించి మాట్లాడేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఒప్పుకుంటాను.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కన్సల్టెంటుగా దేశాలు తిరుగుతూ ఇక్కడ తేలిన, నలభై దాటిన గోదావరి జిల్లావాణ్ణి. ఇతరుల సర్వర్లు పడిపోకుండా చూడడం నా వృత్తి. అయినా ఈ విషయంలో నేను తగ్గదలుచుకోలేదు. ఎందుకు తగ్గనో ఇవాళ వరసగా చెప్తాను. ఆ తరవాత సామెత మళ్ళీ చెప్పదలుచుకున్నవాళ్ళు చెప్పుకోవచ్చు.

ముందు అసలు ఆ కేంద్రం ఏమిటో చూద్దాం. నార్వే ఏలుబడిలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో న్యూ అలెసుండ్ అని ఒక కుగ్రామం ఉంది. ఒకప్పుడు బొగ్గు గని, ఇప్పుడు పది దేశాల పైన శాస్త్రజ్ఞులు పనిచేసే ఊరు. అక్కణ్ణుంచి ధ్రువం సుమారు 1,200 కిలోమీటర్లు. 2007లో మొదటి భారత బృందం అక్కడికి వెళ్ళింది. అందులో హైదరాబాదు సిసిఎంబి నుంచి సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు ఎస్. శివాజీ గారు ఉన్నారు. 2008 జూలై 1న 'హిమాద్రి' కేంద్రం తెరిచారు. 2014లో 'ఇండ్ఆర్క్' అనే పరికరాల గొలుసుని అక్కడి కాంగ్స్‌ఫియోర్డెన్ నీళ్ళలోకి దింపారు. సముద్రపు వేడీ, ఉప్పదనమూ అది నీటి అడుగునుంచి కొలుస్తుంది. 2023 డిసెంబరు నుంచి సూర్యుడు కనపడని చలికాలంలో కూడా మనవాళ్ళు అక్కడ ఉండి కొలతలు తీయడం మొదలుపెట్టారు. ఇదంతా నడిపేది గోవాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం.

ఇంకో ముచ్చట. ఆ దీవుల మీద ఒప్పందం 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో జరిగింది. బ్రిటిషువాళ్ళు ఇండియా తరఫున కూడా సంతకం పెట్టారు. ఆ రోజున బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. అంటే ఆ సంతకం కింద ఇన్సేన్ కూడా ఉందన్నమాట! "మనకెందుకయ్యా ఆ మంచు?" అనే మా పెద్దాయనకి నేనిదే చెప్తాను. తాతగారూ, నూరేళ్ళ క్రితమే మీ ఊరి తరఫున కూడా సంతకం పడిపోయింది.

ఇక మొదటి ఆక్షేపణ. "పేద దేశం, అంత డబ్బా?"

ఎంత డబ్బు? 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 'పృథ్వి' అనే పథకాన్ని ఆమోదించింది. 2021 నుంచి 2026 దాకా అయిదేళ్ళకి 4,797 కోట్ల రూపాయలు. ఈ సొమ్ము ఒక్క ధ్రువాలకే కాదు. వాతావరణం, సముద్రం, భూకంపాలు, ధ్రువాలు, చదువూ శిక్షణా అన్నీ అందులోనే. ఏడాదికి వెయ్యి కోట్లు కూడా రాదు. అందులో ఆర్కిటిక్ వాటా ఒక ముక్కలో ముక్క.

ఇప్పుడు రెండో లెక్క వినండి. 2016లో మన ప్రభుత్వరంగ సంస్థ ఒఎన్‌జిసి విదేశ్, రష్యాలో ఆర్కిటిక్ వృత్తానికి ఉత్తరాన ఉన్న వాంకోర్ చమురు క్షేత్రంలో రెండు విడతలుగా 26 శాతం వాటా కొంది. సుమారు 220 కోట్ల డాలర్లు. అప్పటి మారకంలో పద్నాలుగు వేల కోట్ల రూపాయల పైచిలుకు. అది కూడా ఆర్కిటిక్కే. అది కూడా పేద దేశం డబ్బే. ఆ రోజున ఉట్టి గురించి ఎవరైనా అడిగారా? నేను వినలేదు. ఆర్కిటిక్‌లో చమురు తోడడానికి వెళ్తే దూరదృష్టీ, అదే చమురు కాల్చడం వల్ల ఏం జరుగుతోందో కొలవడానికి వెళ్తే దుబారానా? ఇదెక్కడి న్యాయం?

రెండో ఆక్షేపణ. "అక్కడ మంచు కరిగితే మనకేం?"

దీనికి కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి. నీళ్ళ మీద తేలే మంచు వేరు, నేల మీద పేరుకున్న మంచు వేరు. గ్లాసులో తేలే ఐసుముక్క కరిగితే నీటిమట్టం పెరగదు. కాబట్టి ధ్రువ సముద్రం మీది మంచు కరిగినంత మాత్రాన కోనసీమ మునగదు. కానీ ఆ మంచు అద్దంలాంటిది. ఎండని వెనక్కి తిప్పికొడుతుంది. అది పోయి కింద నల్లటి నీళ్ళు బయటపడితే, పడ్డ ఎండలో నూటికి తొంభై పాళ్ళు ఆ నీళ్ళే తాగేస్తాయి. ఉపగ్రహాలతో లెక్క మొదలైన 1979లో సెప్టెంబరు నెలలో ఆ మంచు విస్తీర్ణం సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో అది 34 లక్షలకి పడిపోయింది. అందుకే ఆర్కిటిక్ 1979 నుంచి ప్రపంచపు సగటుకి దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 2022లో లెక్కకట్టారు.

అక్కడ వేడి మారితే పైన గాలుల దారి మారుతుంది. 2021లో గోవా కేంద్రం శాస్త్రజ్ఞులూ వాళ్ళ తోటివాళ్ళూ ఒక పరిశోధన ప్రచురించారు. సైబీరియా పైనున్న కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన ఏళ్ళకీ, మన దేశంలో సెప్టెంబరులో పడే కుంభవృష్టులకీ సంబంధం ఉండే అవకాశం ఉందని దాని సారాంశం. గమనించండి, 'అవకాశం ఉంది' అన్నారు, 'రుజువైంది' అనలేదు. రుజువు కాలేదు కనక డబ్బు ఆపుదామా? రుజువు కాలేదు కనకనే కొలవాలి. సెప్టెంబరు వాన అంటే ఏమిటో పొట్ట మీదున్న వరిచేనుని అడగండి, చెప్తుంది.

ఇక నేల మీది మంచు. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రం ఏడు మీటర్ల పైన పెరుగుతుంది. దానికి శతాబ్దాలు పడుతుంది, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అంత పెద్ద మంచుగుట్ట తన బరువుతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. గుట్ట తరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. నీళ్ళు దూరానికి జారుకుంటాయి. అందువల్ల గ్రీన్‌లాండ్ కరిగితే గ్రీన్‌లాండ్ దగ్గర సముద్రమట్టం తగ్గుతుంది. ఎక్కడో ఉష్ణమండలంలో, సగటు కంటే ఎక్కువగా పెరుగుతుంది. అంటే కరిగేది వాళ్ళ ఇంట్లో, నీళ్ళొచ్చేది మన ఇంట్లో. గోదావరి లంకల్లో, కృష్ణ దివిసీమలో, ఐరావతి డెల్టాలో. "మనకేం?" అని అడిగేవాళ్ళు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలు.

మూడో ఆక్షేపణ చదువుకున్నవాళ్ళది. "ఉపగ్రహాలున్నాయి కదా! గొప్ప దేశాలు కొలుస్తున్నాయి కదా! మనం వెళ్ళి గడ్డకట్టుకోవడం దేనికి?"

ఉపగ్రహం గొప్పదే. కానీ వేసవిలో మంచు మీద నిలిచిన మడుగుల్ని చూసి అది అసలు మంచే లేదనుకుని పొరపడగలదు. మంచు కింద నీరు ఎంత వెచ్చగా ఉందో దానికి కనపడదు. ఎవరో ఒకరు వెళ్ళి కన్నం తవ్వి, కర్ర దింపి చూస్తేగానీ పైనుంచి చెప్పింది నిజమో కాదో తేలదు. 2019 నుంచి 2020 దాకా జర్మనీ వాళ్ళ 'పోలార్‌ష్టెర్న్' ఓడని కావాలనే మంచులో బిగించుకుని ఏడాదిపాటు కొట్టుకుపోయారు. ఇరవై దేశాలు చేయి కలిపాయి. ఉపగ్రహాలే చాలనుకుంటే వాళ్ళకేం పిచ్చా?

గొప్ప దేశాలు కొలుస్తాయన్న ధీమా సంగతి కూడా చూద్దాం. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో చార్లెస్ కీలింగ్ అనే ఆయన 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315. 2024లో సగటు 424 పైన. ఈ ఒక్క గీత లేకపోతే ఇవాళ ప్రపంచంలో వాతావరణం మీద చర్చే లేదు. అలాంటి గీతలో 1964లో కొన్ని నెలలు ఖాళీ ఉంది. ఎందుకంటే డబ్బు తెగ్గోశారు! 2012లో కెనడా ధ్రువ ప్రాంతంలో ఉన్న 'పర్ల్' కేంద్రం డబ్బు లేక ఏడాది పొడుగునా తీసే కొలతలు ఆపుకుంది. మరుసటి ఏడు మళ్ళీ కొంత డబ్బు వచ్చింది. మధ్యలో పోయిన కొలతలు మాత్రం రాలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా కేంద్రాలతో పడమటి దేశాల రాకపోకలు తెగిపోయాయి. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం రష్యాదే. 2025లో అమెరికా ప్రభుత్వం తన జాతీయ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌ని సగానికి పైగా, 57 శాతం, కోయాలని ప్రతిపాదించింది. ప్రతిపాదన ఆమోదం కాదు, నిజమే. కానీ పొరుగింటి నూతిని నమ్ముకుని మన నుయ్యి పూడ్చుకునేవాణ్ణి ఏమనాలి? వాళ్ళు తాడు తీసేస్తే ఏం తాగుతాం?

ఇక్కడ నా వృత్తి సంగతొకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, ఏ దేశమో చెప్పను, నేను పనిచేసిన ఒక కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలనుకుంది. మొట్టమొదట కోసింది మానిటరింగుని. సర్వర్లు ఎలా ఉన్నాయో రాత్రింబవళ్ళు రాసుకునే లాగ్‌లకి నెలనెలా డబ్బు దండగని ఆపేశారు. వద్దని మేం రాసిచ్చాం. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా" అన్నారు. ఆరు నెలల తరవాత వ్యవస్థ కూలింది. కూలడం పెద్ద సంగతి కాదు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు కూలతాయి. కానీ జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుసుకునే దారి లేకపోయింది. కొత్త యంత్రాలు కొనగలిగారు. గడిచిపోయిన ఆరు నెలల లాగ్‌లు కొనలేకపోయారు. ఎంత డబ్బు పోసినా నిన్నటి కొలత ఇవాళ దొరకదు. ధ్రువం దగ్గర కొలతలకి నిలకడైన డబ్బు కావాలని నేను గొంతు చించుకునేది ఇందుకే. రోడ్డు వేయడం ఒక ఏడాది వాయిదా వేస్తే వచ్చే ఏడు వేసుకోవచ్చు. కొలత వాయిదా పడదు, పోతుంది.

సరే, ఇప్పుడు ఉట్టి దగ్గరికి వద్దాం. నన్ను వెక్కిరించేవాళ్ళలో సగం నిజం ఉంది కనక దాన్ని తప్పించుకుని పోను.

హిమాద్రి తెరిచింది 2008 జూలై 1న అన్నాను కదా. దానికి సుమారు రెండు నెలల ముందు, మే 2న, నర్గీస్ తుఫాను ఐరావతి డెల్టాని తాకింది. ఆ రాత్రి, మర్నాడూ రంగూన్ మీదుగా పోయింది. ఇన్సేన్‌లో ఆ రాత్రిని గుర్తు తెచ్చుకోని ఇల్లు లేదు. రేకులెగిరిపోవడం, వందేళ్ళ చెట్లు వేళ్ళతో సహా పడిపోవడం, వారాల తరబడి దీపం లేకపోవడం. ఇది నగరం సంగతి. డెల్టాలో ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళనే తుడిచిపెట్టింది. అధికారిక లెక్క ప్రకారం 84,537 మంది చచ్చిపోయారు. 53,836 మంది జాడ తెలియలేదు.

తుఫాను వస్తున్నట్టు ఎవరికీ తెలియదా? తెలుసు. ఢిల్లీలోని మన వాతావరణ శాఖ రోజుల ముందునుంచీ బర్మా అధికారులకి హెచ్చరికలు పంపింది. తీరం తాకే చోటూ వేళా 48 గంటల ముందే చెప్పామని ఆ శాఖ ప్రకటించింది. సముద్రంలో వదిలిన ఆర్గో బోయాలు పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతునుంచి పైకి తేలి కొలతలు పంపుతూనే ఉన్నాయి. ఆ ఏడు బంగాళాఖాతంలో ఆ తుఫాను దారిలో మామూలు కంటే వేడి నీరు లోతుదాకా ఉందనీ, అదే దానికి బలం పోసిందనీ తరవాత శాస్త్రజ్ఞులు తేల్చింది ఆ కొలతలతోనే. సైన్సు తన పని తాను చేసింది. కానీ డెల్టాలో వల వేసుకునే మనిషి దగ్గరికి ఆ మాట చేరలేదు. చేరినచోట పోవడానికి గట్టి కట్టడం లేదు. చెప్పాల్సిన ప్రభుత్వం గట్టిగా చెప్పలేదు, ఖాళీ చేయించలేదు.

"చూశావా, ఉట్టి లేకుండా స్వర్గం దండగని మేమన్నది ఇదే!" అంటారు. ఆగండి. హిమాద్రి మూసేస్తే ఆ డబ్బుతో డెల్టాలో తుఫాను షెల్టరు కడతారా? ఏ దేశంలో, ఏ ఏడు, ఏ మంత్రి అలా కట్టాడో చూపించండి. పరిశోధనకి కోసిన రూపాయి పేదవాడి గుడిసెకి పోదు. ఈ సామెత చెప్పేవాళ్ళు ఉట్టి కోసం పోరాడినట్టు కూడా నేనెక్కడా చూడలేదు. స్వర్గాన్ని ఆపడానికే ఉట్టి గుర్తొస్తుంది వాళ్ళకి.

రెండూ కలిసినచోట ఏమవుతుందో మన తీరమే చెప్తోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీదికే వచ్చింది. నగరం నుజ్జయింది, కానీ చావులు పదుల్లోనే ఆగాయి. సముద్రం మంచిదైపోయిందా? లేదు. మధ్యలో ముప్ఫై ఏడేళ్ళ పాటు ఎవరో రాడార్లు పెట్టారు, బోయాలు దింపారు, హైదరాబాదులో 1999లో ఇన్‌కాయిస్ పెట్టారు, షెల్టర్లు కట్టారు, జనాన్ని తరలించడం నేర్చుకున్నారు. వీటిలో ప్రతిదాన్నీ మొదట్లో ఎవరో ఒకరు దండగనే ఉంటారు.

ఇక్కడివాళ్ళు మనని ఏమని పిలిచేవారో తెలుసా? 'కోరంగీలు' అని. రంగూన్ రేవులో మూటలు మోసిన, రిక్షాలు లాగిన తెలుగువాళ్ళందరికీ ఆ పేరే. మా ఆదివారం బృందంలో మూడో తరం కుర్రాళ్ళకి అదొక తిట్టుగానే తెలుసు. కాకినాడ పక్కన కోరంగి అనే రేవు ఉండేదనీ, వాళ్ళ ముత్తాతలు ఓడెక్కింది అక్కడేననీ, ఆ రేవుని 1789లో ఒకసారీ, 1839లో ఒకసారీ ఉప్పెన ముంచేసిందనీ తెలియదు. ఆ రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల లాగ్‌పుస్తకాలు ముందేసుకుని తుఫానులెలా తిరుగుతాయో తేల్చాడు. 'సైక్లోన్' అనే మాట పుట్టించింది ఆయనే. మాట్లా నది మీద కొత్త రేవు కట్టబోతుంటే, ఉప్పెన వస్తుంది వద్దని 1853లో గవర్నర్ జనరల్‌కి ఉత్తరం రాశాడు. వినలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో తుఫాను దాన్ని పాడుచేసింది. కొలిచేవాడి మాట వినకపోవడం మనకి కొత్త కాదు, నూటడెబ్భై ఏళ్ళ అలవాటు.

ఇక చివరగా మన సంగతి, అంటే దేశం వదిలి వచ్చిన మన సంగతి.

మన సంఘాల ఉత్సవాలు నేను చాలా దేశాల్లో చూశాను. సినిమా వాళ్ళకి విమానం టికెట్లు, హోటలు గదులు, స్వాగత తోరణాలు, వెండి పళ్ళేలు. తప్పనను, పండగ పండగే. గుళ్ళు కడతాం, ఊళ్ళో కల్యాణమంటపానికి మన పేరు చెక్కిస్తాం. మరి ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదివే పిల్ల ఒకతె స్వాల్‌బార్డ్ వెళ్ళి ఒక వేసవి పనిచేయాలంటే టికెట్టూ చలికోటూ ఎవరిస్తారు? ఆ విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధన మొదలైంది 1952లో లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వచ్చి, నౌకాదళం ఓడలు అడిగి తీసుకుని, పిల్లల్ని సముద్రం మీదికి తీసుకెళ్ళడంతో. ఆయనెవరో పరాయివాడు మన పిల్లల కోసం చేసింది, మన పిల్లల కోసం మనం చేయలేమా? ఒక సినిమా తారకి పెట్టే ఖర్చుతో ఒక పరిశోధకురాలు వెళ్ళి రావచ్చు. వచ్చాక ఆమె ఉపన్యాసాన్ని కూడా అదే వేదిక మీద పెట్టించండి. నలుగురే వింటారా? నలుగురు చాలు.

నేను అడిగేవి నాలుగే. ధ్రువ పరిశోధనలో కొలతలకి ఇచ్చే డబ్బుని అయిదేళ్ళ పథకాల్లోంచి విడదీసి కనీసం పదిహేనేళ్ళకి హామీ ఇవ్వండి. ఆ కొలతలని దాచుకోకుండా, డెల్టా పొరుగువాళ్ళతో సహా అందరికీ ఇవ్వండి. వాటి అర్థమేమిటో తెలుగులో, పల్లెలో చదువుకున్నవాడికి అర్థమయ్యే తెలుగులో చెప్పండి. ధ్రువం దగ్గర ఎంత ఖర్చు పెడితే అంతకి తగ్గకుండా తీరం మీద ఆఖరి ఇంటికి హెచ్చరిక చేరడానికీ పెట్టండి. మొదటి మూడూ ప్రభుత్వాల పని. నాలుగోదానిలో మనకీ వాటా ఉంది.

ఉట్టీ స్వర్గమూ వేరువేరు ఇళ్ళలో లేవు. ధ్రువం దగ్గర నీళ్ళలో వేలాడే పరికరానికీ, ఐరావతి ఒడ్డున రేడియో పెట్టుకుని కూర్చున్న జాలరికీ మధ్య ఒకటే తాడు. దాన్ని ఆ కొసన కోసినా ఈ కొసన కోసినా పడేది ఈ జాలరే. వచ్చే ఆదివారం నాకు సామెత చెప్పదలుచుకున్నవాళ్ళు, ముందు ఆ తాడుకి తామెంత పేనారో చెప్పి, ఆ తరవాత చెప్పండి.